పాఠకుల ప్రశ్నలు: బేస్ గిటార్ హెడ్‌కి ఏ బాక్స్ కలపొచ్చు, ఏది కలపకూడదు

ఈ నెల వచ్చిన మెయిల్స్ దాదాపు అన్నీ ఒకే చోట తిరిగాయి, బేస్ గిటార్ హెడ్‌కి (స్పీకర్ లేకుండా విడిగా వచ్చే ఆంప్లిఫయర్‌కి) స్పీకర్ బాక్సులు ఎలా కలపాలి అని. చర్చిల్లో వాయించేవాళ్లు, కాలేజ్ బ్యాండ్లు, పెళ్లి ఆర్కెస్ట్రాల వాళ్లు అందరూ అడిగారు కాబట్టి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేశా. ఒక్క మాట ముందే చెప్తా, కింద జవాబులన్నీ దాని మీదే నడుస్తాయి. ఓమ్స్ (కరెంట్‌కి స్పీకర్ ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత) దగ్గర సర్దుకోవడం కుదరదు, వాట్స్ దగ్గర చాలావరకు సర్దుకోవచ్చు. కానీ ఎక్కువమంది దీనికి ఉల్టాగా చేస్తున్నారు, వాట్స్ నంబర్ మీద గంటలు గంటలు వాదించుకుని, హెడ్ వెనక ఎన్ని ఓమ్స్ అని రాసుందో చూడకుండానే జాక్ గుచ్చేస్తున్నారు.

ప్రశ్న (గుంటూరు నుంచి): సార్, మా చర్చిలో నేను బేస్ వాయిస్తాను. హెడ్ మీద 500 వాట్స్ 4 ఓమ్స్, 300 వాట్స్ 8 ఓమ్స్ అని రాసి ఉంది. ఇప్పుడు ఒక 4×10 బాక్స్ (పది అంగుళాల స్పీకర్లు నాలుగున్నది) ఉంది, అది 8 ఓమ్స్, 400 వాట్స్. హాల్ పెద్దది చేశారు, సౌండ్ చాలట్లేదు. సెకండ్ హ్యాండ్‌లో ఇంకో 4×10 తక్కువ రేటుకి వస్తోంది కానీ అది 4 ఓమ్స్. హెడ్‌కి వెనక రెండు స్పీకర్ అవుట్లు ఉన్నాయి కదా, ఒక్కోదానికి ఒక్కోటి పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు కదా?

జవాబు: ఇబ్బంది ఉంటుందండీ, ఆ బాక్స్ కొనకండి. రెండు అవుట్లు ఉన్నాయంటే లోపల రెండు ఆంప్లిఫయర్లు ఉన్నాయని కాదు, ఇలాంటి హెడ్స్‌లో ఆ రెండు సాకెట్లూ ఒకే అవుట్‌పుట్‌కి పక్కపక్కన అతికించినవే, అంటే మీరు ఏ సాకెట్‌లో పెట్టినా రెండు బాక్సులూ ప్యారలల్‌లోనే (పక్కపక్కన, కరెంట్ రెండు దారుల్లో చీలేలా) కలుస్తాయి. బాక్స్ వెనకున్న రెండో సాకెట్ నుంచి ఇంకో బాక్స్‌కి వైర్ లాగినా అదే లెక్క, చాలామంది అది సిరీస్ (ఒకదాని గుండా ఇంకోదానికి కరెంట్ పోయేది) అనుకుంటారు, కాదు, అదీ ప్యారలలే.

ప్యారలల్ లెక్క చాలా తేలిక. రెండు నంబర్లని గుణించి, రెండింటినీ కూడిన దానితో భాగించాలి. 8, 8 కలిపితే 4 ఓమ్స్. 4, 4 కలిపితే 2. మీరు అడిగిన 8, 4 కలిపితే 32 ని 12 తో భాగిస్తే 2.67 ఓమ్స్ వస్తుంది. మీ హెడ్ మీద 4 ఓమ్స్ అని రాసింది కనీసం ఉండాల్సిన లోడ్ (బాక్సుల మొత్తం ఓమ్స్), అంతకంటే కిందికి వెళ్లొద్దని. మీది 2.67 అయింది, కిందికి పోయింది.

పోతే ఏమవుతుందో అంకెల్లో చూడండి. 4 ఓమ్స్ మీద 500 వాట్స్ ఇవ్వాలంటే ఆంప్ దాదాపు 45 వోల్ట్స్ తోయాలి, అప్పుడు వైర్లో పోయే కరెంట్ 11 ఆంపియర్లు పైచిలుకు. అదే 45 వోల్ట్స్‌కి 2.67 ఓమ్స్ పెడితే దాదాపు 17 ఆంపియర్లు లాగుతుంది. లోపలి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు, పవర్ సప్లై ఆ 17 కి కట్టినవి కాదు. ఇప్పుడొచ్చే మంచి హెడ్స్ అయితే ప్రొటెక్షన్‌లోకి వెళ్లి పాట మధ్యలో సౌండ్ ఆపేస్తాయి, ఒక్కోసారి వేడెక్కి ఆరాధన అయ్యే టైంకి ఆగుతాయి, ప్రొటెక్షన్ సరిగ్గా లేనివైతే ట్రాన్సిస్టర్లే పోతాయి, వాటితో పాటు ఒక్కోసారి స్పీకర్ కాయిల్ (స్పీకర్‌ని కదిలించే తీగ చుట్ట) కూడా పోతుంది ఎందుకంటే చచ్చిన ట్రాన్సిస్టర్ గుండా డీసీ (ఒకే దిశలో పోయే కరెంట్) నేరుగా బాక్స్‌లోకి వచ్చేస్తుంది. తక్కువ వాల్యూమ్‌లో పెడితే ఏం కాదు అని కొందరు చెప్తారు, ఇంట్లో మెల్లగా వాయిస్తే నిజంగానే ఏమీ కాకపోవచ్చు, కానీ మీకు రెండో బాక్స్ కావాల్సిందే సౌండ్ చాలక కదా, అక్కడ మెల్లగా ఎవరు వాయిస్తారు.

ఇంకో సంగతి, ఒకవేళ మీ హెడ్ 2 ఓమ్స్ తట్టుకునే రకమే అయినా 4 ని 8 ని కలిపితే పవర్ సమానంగా పోదు. 4 ఓమ్స్ బాక్స్ మూడింట రెండు వంతులు తీసుకుంటుంది, 8 ఓమ్స్ దానికి ఒక వంతే. ఒకటి అరుస్తుంటే ఇంకోటి మూలుగుతూ ఉంటుంది.

కాబట్టి కొంచెం ఆగి 8 ఓమ్స్ బాక్సే వెతకండి, వీలైతే ఇప్పుడున్న మోడల్‌దే. అప్పుడు మొత్తం సరిగ్గా 4 ఓమ్స్ అవుతుంది, హెడ్ తన పూర్తి 500 వాట్స్ ఇస్తుంది, ఒక్కో బాక్స్‌కి 250 పోతుంది, 400 తట్టుకునే బాక్సులు కాబట్టి హాయిగా ఉంటాయి. సౌండ్ ఎంత పెరుగుతుందంటే, 300 నుంచి 500 కి వెళ్లినందుకు 2 డీబీ (డెసిబెల్, సౌండ్ కొలత) పైన, గాలిని తోసే కోన్లు రెట్టింపైనందుకు కింది నోట్స్‌లో ఇంకో 3 డీబీ దాకా, మొత్తం 5 డీబీ. హాల్‌లో అది బాగా తెలిసే తేడా.

ప్రశ్న (అదే మెయిల్‌లో చివర): పోనీ ఆ 4 ఓమ్స్‌ని, నా 8 ఓమ్స్‌ని సిరీస్‌లో కలిపే వైర్ ఒకటి చేయించుకుంటే?

జవాబు: సిరీస్‌లో రెండూ కూడికే, 12 ఓమ్స్ అవుతుంది, ట్రాన్సిస్టర్ హెడ్‌కి ప్రమాదం ఏమీ లేదు. కానీ 45 వోల్ట్స్ 12 ఓమ్స్ మీద అంటే 170 వాట్స్ కూడా రావు, అందులో కూడా ఇక్కడ ఉల్టాగా 8 ఓమ్స్ బాక్సే రెండు వంతులు తినేస్తుంది. పైగా స్పీకర్ ఓమ్స్ అనేది ప్రతి నోట్‌కీ మారే నంబర్, 8 అని రాసిన బాక్స్ కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర 30, 40 ఓమ్స్ కూడా చూపిస్తుంది, అలాంటి రెండు వేరు వేరు బాక్సుల్ని సిరీస్‌లో పెడితే ఒకదాని ఎత్తుపల్లాలు ఇంకోదాని టోన్‌ని మార్చేస్తాయి. డబ్బులు పెట్టి మరీ అంత తిప్పలు ఎందుకండీ.

ప్రశ్న (వరంగల్ నుంచి): అన్నా, మా బ్యాండ్‌ల అందరూ చెప్పేది ఏందంటే బాక్స్ కంటే ఆంప్ వాట్స్ తక్కువ ఉంటే స్పీకర్ కాలిపోతది అని. ఇంకొకరేమో ఎక్కువ ఉంటే కాలిపోతది అంటరు. నా బాక్స్ మీద 400 వాట్స్ ఆర్ఎంఎస్, 800 ప్రోగ్రామ్, 1600 పీక్ అని మూడు నంబర్లు ఉన్నయి. ఏది నమ్మాలె? ఎంత ఆంప్ తీసుకోవాలె?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ మూడు నంబర్ల సంగతి. నువ్వు చూడాల్సింది ఆర్ఎంఎస్ (ఆగకుండా తట్టుకునే పవర్) అని రాసినదొక్కటే. ప్రోగ్రామ్ అంటే దాన్ని రెండుతో గుణించి రాసేది, పీక్ అంటే నాలుగుతో గుణించి రాసేది, వాటికి వేరే పరీక్ష ఏమీ ఉండదు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో 1600 అని కనిపించినా అది 400 వాట్స్ బాక్సే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆంప్ చిన్నదైతే స్పీకర్ కాలుతుందన్నది నిజం కాదు. స్పీకర్‌కి ఆంప్ పేరు తెలియదు, తన కాయిల్‌లోకి ఎంత వేడి వస్తుందో అదే తెలుసు. 100 వాట్స్ ఆంప్‌ని ఎంత దారుణంగా క్లిప్ చేసినా, అంటే శక్తికి మించి తోసి వేవ్ మొత్తం చదునుగా కోసేసినా, దాని నుంచి గట్టిగా లెక్కేస్తే 200 వాట్స్ వస్తాయి, నీ బాక్స్ 400 కి కట్టింది, దానికి ఏమవుతుంది? క్లిప్ అయిన సౌండే స్పీకర్‌ని చంపితే ఓవర్‌డ్రైవ్ పెడల్ వాడేవాళ్ల స్పీకర్లన్నీ ఎప్పుడో పోయేవి. ఈ మాట ఎక్కడ నుంచి పుట్టిందంటే, 300 వాట్స్ ఆంప్‌ని 300 వాట్స్ బాక్స్‌కి పెట్టి సౌండ్ చాలక పూర్తిగా తిప్పేస్తారు, క్లిప్ అయినప్పుడు అది 300 కాదు 600 దాకా ఇవ్వగలదు, కాయిల్ పోతుంది, అప్పుడు ఆంప్ చిన్నదై పోయింది అనుకుంటారు. పోయింది ఎక్కువ పవర్ వల్లే. ఒక్క ట్వీటర్ (సన్నని పై సౌండ్లకి ఉండే చిన్న స్పీకర్) విషయంలో మాత్రం కొంచెం నిజం ఉంది, క్లిప్ అయితే పైన హార్మోనిక్స్ (నోట్ కంటే ఎత్తైన సౌండ్లు) చాలా పుడతాయి, అవి క్రాస్ఓవర్ (సౌండ్‌ని స్పీకర్లకి పంచే సర్క్యూట్) దాటి ట్వీటర్‌లోకే వెళ్తాయి, చిన్న కాయిల్ కాబట్టి ముందు అదే పోతుంది. డిస్టార్షన్‌తో వాయించేటప్పుడు బాక్స్ వెనక ట్వీటర్ నాబ్ తగ్గించుకో.

ఆంప్ ఎంత తీసుకోవాలంటే, బాక్స్ ఆర్ఎంఎస్‌కి సమానం నుంచి ఒకటిన్నర రెట్లు దాకా, అదీ ఆ బాక్స్ ఓమ్స్ దగ్గర ఆంప్ ఇచ్చే వాట్స్ చూసి. ఇక్కడే చాలామంది తప్పు లెక్క వేస్తారు, హెడ్ మీద 800 అని ఉంటుంది, అది 4 ఓమ్స్ దగ్గర, నీ ఒక్క 8 ఓమ్స్ బాక్స్‌కి దాంట్లో సగం నుంచి 60 శాతం మధ్యలో ఎక్కడో వస్తుంది. కాబట్టి 800 హెడ్, 400 వాట్స్ 8 ఓమ్స్ బాక్స్ అంటే వినడానికి భయంగా ఉన్నా నిజానికి బాగా కుదిరిన జంట.

అయితే నీకు ఇంకో విషయం గట్టిగా చెప్పాలి, ఇది ఎవరూ చెప్పరు, స్పీకర్లు పోయేది ఎక్కువగా దీనివల్లే. ఆ 400 అనేది కాయిల్ వేడి ఎంత తట్టుకుంటుంది అనే లెక్క. కోన్ ముందుకీ వెనక్కీ ఎంత దూరం కదలగలదు అనేది పూర్తిగా వేరే లెక్క, దాన్ని డబ్బా మీద రాయరు. ఒకే సౌండ్ రావాలంటే ఒక ఆక్టేవ్ కిందికి వెళ్లిన (ఫ్రీక్వెన్సీ సగమైన) ప్రతిసారీ కోన్ నాలుగు రెట్లు దూరం కదలాలి. నాలుగు తీగల బేస్‌లో కింది ఇ నోట్ 41 హెర్ట్జ్, ఐదు తీగలది అయితే కింది బి 31 హెర్ట్జ్. ముందు పోర్ట్ రంధ్రం ఉన్న బాక్స్ ఏ ఫ్రీక్వెన్సీకి ట్యూన్ చేశారో దాని కిందకి వెళ్తే లోపలి గాలి కోన్‌ని ఆపడం మానేస్తుంది, కోన్ విచ్చలవిడిగా ఊగుతుంది, 400 వాట్స్ బాక్స్ అక్కడ 150, 200 వాట్స్‌కే హద్దు దాటేయొచ్చు. దానికి తోడు నువ్వు ఆంప్ మీద బేస్ నాబ్ 6 డీబీ పెంచావనుకో, ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర పవర్ నాలుగు రెట్లు అయింది. 50 వాట్స్‌తో వాయిస్తున్న నోట్‌కి 200 పోతోంది. సౌండ్ మాత్రం పెద్దగా పెరిగినట్టు ఉండదు, ఎందుకంటే ఆ కింద మన చెవి అంత బాగా వినదు, కింది బి వాయించినా మనం ఎక్కువ వినేది దాని పైనున్న 62 హెర్ట్జ్‌నే.

కాబట్టి వాట్స్ గురించి ఆలోచించేంతలో సగం ఈ నాబ్ గురించి ఆలోచించు. హై పాస్ ఫిల్టర్ (మరీ కింది ఫ్రీక్వెన్సీల్ని కోసేది) ఉంటే 35, 40 హెర్ట్జ్ దగ్గర పెట్టు, టోన్ ఏమీ తగ్గదు, కోన్ ఊపిరి పీల్చుకుంటుంది. ఇంక చెవిని నమ్ము, టప్ టప్ మని కొట్టుకున్న సౌండ్ వచ్చినా, నోట్ చివర గరగర వచ్చినా, కాలిన వాసన వచ్చినా వెంటనే తగ్గించాలి, పాట అయ్యాక కాదు. ఆ టప్ మనే సౌండ్ కాయిల్ వెనక్కి వెళ్లి మాగ్నెట్‌కి తగులుతున్న సౌండ్.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి, ఇంజనీరింగ్ విద్యార్థిని): నాది 300 వాట్స్ ఆంప్. 600 వాట్స్ తీసుకుంటే సౌండ్ డబుల్ అవుతుందా?

జవాబు: అవ్వదమ్మా. వాట్స్ రెట్టింపు అయితే 3 డీబీ పెరుగుతుంది, అంటే కొంచెం పెరిగింది అని తెలుస్తుంది, అంతే. చెవికి డబుల్ అనిపించాలంటే దాదాపు 10 డీబీ కావాలి, అంటే పది రెట్లు, 3000 వాట్స్. అందుకే ఆంప్ మార్చే డబ్బుతో బాక్స్ చూడమని చెప్తా. బాక్స్ స్పెసిఫికేషన్‌లో సెన్సిటివిటీ అని ఒక నంబర్ ఉంటుంది, 1 వాట్ ఇచ్చి 1 మీటర్ దూరంలో ఎన్ని డీబీ వస్తుందో కొలిచేది. 97 డీబీ బాక్స్ తీసి 100 డీబీ బాక్స్ పెట్టారంటే మీ 300 వాట్స్ ఆంప్ ఆ పాత బాక్స్ మీద 600 వాట్స్ ఆంప్ చేసినంత సౌండ్ చేస్తుంది, ఆంప్ ముట్టుకోకుండానే. చిన్న బాక్స్, లోతైన బేస్, ఎక్కువ సెన్సిటివిటీ, ఈ మూడూ ఒకే బాక్స్‌లో దొరకవు, రెండు కావాలంటే మూడోది వదులుకోవాల్సిందే. భుజాన మోసుకెళ్లే చిన్న బాక్సులు మంచివే కానీ వాటికి వాట్స్ ఎక్కువ కావాలి, ఎందుకో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

ప్రశ్న (రాజమండ్రి నుంచి): ఆర్కెస్ట్రాలో వాయిస్తాను. ఇంకో బాక్స్ కలిపాక బేస్ పెరగాల్సింది పోయి తగ్గిపోయింది. ఓమ్స్ అన్నీ కరెక్టే, రెండూ 8. విడివిడిగా పెడితే రెండూ బాగానే మోగుతున్నాయి. ఏమైందో అర్థం కావట్లేదు గురువు గారూ.

జవాబు: ఒక బాక్స్ ప్లస్ మైనస్ తిరగబడి ఉంది, నూటికి తొంభై పాళ్లు అదే. ఒక బాక్స్ కోన్ ముందుకి వస్తుంటే ఇంకోదాని కోన్ వెనక్కి వెళ్తోంది, ఒకటి తోసిన గాలిని ఇంకోటి లాగేసుకుంటోంది, పై నోట్స్ వినబడతాయి కానీ బేస్ మాయమైపోతుంది. ఎవరో రిపేర్ చేసినప్పుడో, వైర్ మార్చినప్పుడో ఇలా అవుతుంది. ఒక మామూలు 1.5 వోల్ట్స్ పెన్సిల్ సెల్ తీసుకోండి, హెడ్ నుంచి వైర్ పీకేసి, వైర్ చివర జాక్ టిప్ కి (కొనకి) సెల్ ప్లస్, స్లీవ్ కి (దాని వెనకున్న లోహపు భాగానికి) మైనస్ ఒక్క క్షణం తగిలించండి. కోన్ బయటికి జరగాలి. రెండు బాక్సులూ ఇలాగే చూడండి, ఏది లోపలికి పోతుందో దానిలో వైర్లు మార్చేయండి. 4×10 అయితే నాలుగు కోన్లూ ఒకే వైపు కదులుతున్నాయా అని కూడా చూడండి, ఒక్కటి తిరగబడినా బేస్ చాలా పోతుంది. రెండింటికీ వాడే వైర్లు కూడా ఒకదాని చోట ఒకటి మార్చి చూడండి, తప్పు వైర్ లోనే ఉండొచ్చు.

ప్రశ్న (డాలస్ నుంచి): నా దగ్గర ఇక్కడ కొన్న ట్యూబ్ హెడ్ (ట్రాన్సిస్టర్ల బదులు వాక్యూమ్ ట్యూబులున్నది) ఉంది, 300 వాట్స్. వెనక 2 ఓమ్స్, 4 ఓమ్స్ అని స్విచ్ ఉంది. వచ్చే ఏడాది ఇండియాకి తిరిగి వచ్చేస్తున్నాం, హైదరాబాద్‌లో ఫ్రెండ్ దగ్గర 8 ఓమ్స్ 4×10 ఉంది, దాంతో వాడుకోవచ్చా? రాత్రిపూట బాక్స్ పెట్టకుండా డీఐ అవుట్ (మిక్సర్‌కి నేరుగా సిగ్నల్ ఇచ్చే సాకెట్) నుంచి రికార్డింగ్ చేసుకోవచ్చా? కరెంట్ సంగతి కూడా చెప్పండి.

జవాబు: రికార్డింగ్ సంగతి మొదట చెప్తా, బాక్స్ లేకుండా ట్యూబ్ హెడ్‌ని ఎప్పుడూ వాయించకండి. ట్రాన్సిస్టర్ హెడ్‌కి ఓమ్స్ తగ్గితే ప్రమాదం, లోడ్ అసలు లేకపోతే ఇబ్బంది ఉండదు. ట్యూబ్ హెడ్‌కి లోడ్ లేకపోవడమే అతి పెద్ద ప్రమాదం. ట్యూబ్‌కీ స్పీకర్‌కీ మధ్య అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కదా, అవతల పక్క స్పీకర్ లేకపోతే సిగ్నల్ శక్తి పోయే దారిలేక ఇవతల పక్క వోల్టేజ్ వేలల్లోకి లేస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టల మధ్య ఇన్సులేషన్ కాలిపోతుంది, ట్యూబ్ సాకెట్ దగ్గర నిప్పురవ్వలు కూడా రావచ్చు. రాత్రి రికార్డింగ్ చేయాలంటే మీ హెడ్ మొత్తం వాట్స్ తట్టుకునే లోడ్ బాక్స్ (స్పీకర్ బదులు పవర్ మోసే డబ్బా) ఒకటి పెట్టండి, లేదా హెడ్‌లో స్టాండ్‌బైలో కూడా డీఐ పనిచేస్తుందేమో మాన్యువల్‌లో చూడండి.

మీ హెడ్ వివరాలు చూస్తే ఆంపెగ్ కంపెనీ ఎస్‌వీటీ మోడల్ తరహాది అనిపిస్తోంది. ఆ 2, 4 ఎందుకొచ్చాయో తెలిస్తే మీ ప్రశ్నకి జవాబు సగం వచ్చేస్తుంది. 1969 లో ఎస్‌వీటీ వచ్చినప్పుడు 300 వాట్స్ అంటే బేస్‌కి ఎవరూ చూడని పవర్, ఆ ఏడాది రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ అమెరికా టూర్‌కి పెద్ద స్టేజీల మీద వాడింది ఈ హెడ్సే. అప్పటి స్పీకర్లు అంత పవర్ తట్టుకోలేవు కాబట్టి ఒక్క హెడ్‌కి రెండు 8×10 బాక్సులు పెట్టమనేవాళ్లు. ఒక్కో బాక్స్‌లో ఎనిమిది స్పీకర్లు, ఒక్కోటి 32 ఓమ్స్, అన్నీ ప్యారలల్, మొత్తం 4 ఓమ్స్. అలాంటివి రెండు కలిపితే 2 ఓమ్స్. ఒక బాక్స్‌కి 4, రెండు బాక్సులకి 2, ఆ స్విచ్ అందుకు.

అందుకే దాంట్లో 8 లేదు. మీ ఫ్రెండ్ దగ్గర ఉన్న 8 ఓమ్స్ బాక్స్‌ని 4 మీద పెట్టి మెల్లగా ఒక పాట వాయించి చూస్తే వెంటనే ఏమీ కాదు, పవర్ తగ్గుతుంది, టోన్ కొంచెం మారుతుంది, కానీ గట్టిగా వాయిస్తే ట్యూబ్స్ మీదా ట్రాన్స్‌ఫార్మర్ మీదా ఒత్తిడి పెరుగుతుంది, రోజూ వాడటానికి నేను ఒప్పుకోను. 8 ఓమ్స్‌వి రెండు కలిపి 4 చేయండి, స్విచ్ 4 మీద పెట్టండి, అదే సరైన పద్ధతి. ట్యూబ్ హెడ్‌కి ఇంకో మంచి గుణం ఉంది, స్విచ్ సరిగ్గా పెడితే 2 లోనూ 4 లోనూ అదే 300 వాట్స్ ఇస్తుంది, ఓమ్స్ పెరిగితే పవర్ పోయే గొడవ ఉండదు.

కరెంట్ సంగతి చాలా ముఖ్యం. అక్కడ 120 వోల్ట్స్, ఇక్కడ 230. పిన్ మార్చే అడాప్టర్ పెట్టి నేరుగా గుచ్చితే మొదటి క్షణంలోనే పోతుంది. వెనక వోల్టేజ్ ఎంత రాసుందో చూడండి, 230 కి మార్చుకునే ఏర్పాటు ట్రాన్స్‌ఫార్మర్‌లోనే ఉంటే తెలిసిన టెక్నీషియన్‌తో మార్పించండి, ఫ్యూజ్ విలువ కూడా దాదాపు సగానికి తగ్గించాలి, అది మర్చిపోవద్దు. లేకపోతే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి, ఇంత పెద్ద ట్యూబ్ హెడ్‌కి 1000 వీఏ (వోల్ట్ ఆంపియర్) కంటే తక్కువది వద్దు. అక్కడి కరెంట్ 60 హెర్ట్జ్, మనది 50, కేవలం 60 కోసమే చుట్టిన పాత ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడ ఎక్కువ వేడెక్కుతుంది, అదీ అడిగి తెలుసుకోండి. ఇది చదివే మిగతావాళ్లకి కూడా చెప్తున్నా, అమెరికా నుంచి అన్నయ్యో బావగారో తెచ్చే చిన్న క్లాస్ డి (తేలికైన ట్రాన్సిస్టర్ రకం) హెడ్స్ కొన్నింటి మీద 100 నుంచి 240 వోల్ట్స్ అని ఉంటుంది, అవి వైర్ మార్చుకుంటే చాలు, కొన్నింటి మీద మాత్రం 120 అని ఒక్కటే ఉంటుంది, చూడకుండా గుచ్చొద్దు.

ప్రశ్న (కాకినాడ నుంచి): 4×10 కి తోడు 1×15 పెడితే కింద లోతు వస్తుందంటారు, రెండూ 8 ఓమ్స్. పెట్టొచ్చా?

జవాబు: ఆంప్‌కి ఏ సమస్యా లేదు, 4 ఓమ్స్ అవుతుంది. కానీ పవర్ పంచే తీరు చూడండి. 500 వాట్స్‌లో సగం 4×10 కి, సగం 15 కి. ఆ 250 ని 4×10 లో నాలుగు స్పీకర్లు పంచుకుంటాయి, ఒక్కోదానికి 62 వాట్స్. 15 ఒక్కటే మొత్తం 250 మోయాలి. 4×10 ఇంకా సుఖంగా ఉండగానే 15 హద్దుకి వచ్చేస్తుంది. పెద్ద కోన్ అయితే లోతు ఎక్కువ అన్నది కూడా నిజం కాదు, లోతు అనేది డబ్బా సైజు, పోర్ట్ ట్యూనింగ్, స్పీకర్ డిజైన్ మూడూ కలిసి తేల్చేది, ఈ రోజుల్లో చాలా 10 అంగుళాల బాక్సులు పాత 15 కంటే కిందికి వెళ్తున్నాయి. కొందరికి ఆ కలిపిన టోన్ ఇష్టం, విని నచ్చితే తప్పులేదు. కానీ డబ్బులు పెట్టి కొత్తగా కొంటుంటే ఒకే రకం 2×10 లు రెండు తీసుకుని ఒకదాని మీద ఒకటి నిలువుగా పెట్టండి, పైది చెవి ఎత్తుకి వస్తుంది, స్టేజ్ మీద మీ సౌండ్ మీకు వినబడుతుంది, అప్పుడు వాల్యూమ్ పెంచాలన్న ఆత్రం కూడా తగ్గుతుంది.

ప్రశ్న (తిరుపతి నుంచి): హెడ్ నుంచి బాక్స్‌కి గిటార్ కేబుల్ వాడుతున్నాను, రెండు చివర్లా అదే జాక్ కదా. పర్లేదా?

జవాబు: ఈరోజే మార్చేయండి దయచేసి. జాక్ ఒకటే కానీ లోపల వైర్ వేరు. గిటార్ కేబుల్ మధ్యలో ఉండే తీగ చాలా సన్నం, సిగ్నల్ కోసం చేసింది, దాంట్లో నుంచి 10 ఆంపియర్లు పంపితే వేడెక్కి లోపల ప్లాస్టిక్ మెత్తబడి షార్ట్ అవ్వచ్చు. ఎలక్ట్రికల్ షాపులో 2.5 చదరపు మిల్లీమీటర్ల రెండు కోర్ల రాగి వైర్ అడగండి, 1.5 అయినా చిన్న దూరానికి చాలు, వీలుంటే స్పీకాన్ (తిప్పితే లాక్ అయ్యే స్పీకర్) కనెక్టర్ పెట్టించండి, 1 ప్లస్, 1 మైనస్ పిన్నులకి. మామూలు జాక్‌ని ఆంప్ ఆన్‌లో ఉండగా పీకితే టిప్, స్లీవ్ ఒక క్షణం షార్ట్ అవుతాయి, స్పీకాన్‌కి ఆ బాధ లేదు, కాలు తగిలినా ఊడిరాదు.

ప్రశ్న (నెల్లూరు నుంచి): సెకండ్ హ్యాండ్ 4×10 చూశాను, వెనక స్టిక్కర్ లేదు. మల్టీమీటర్ పెడితే 6.2 చూపిస్తోంది. అమ్మే అతను 8 ఓమ్స్ అంటున్నాడు. అబద్ధమా?

జవాబు: నిజమే చెప్తున్నాడు. మల్టీమీటర్ కొలిచేది కాయిల్ తీగకి డీసీ దగ్గరున్న రెసిస్టెన్స్‌ని, అది ఎప్పుడూ రాసిన నంబర్ కంటే తక్కువే చూపిస్తుంది. 5.5 నుంచి 7 మధ్య వస్తే 8 ఓమ్స్ బాక్స్, 3 నుంచి 3.6 దాకా వస్తే 4 ఓమ్స్, 11 నుంచి 13 దాకా వస్తే 16. ముందు మీటర్ రెండు పిన్నులూ ఒకదానికొకటి తగిలించి ఎంత చూపిస్తుందో చూసి అది తీసేయండి.

కానీ 4×10 లో 11, 12 చూపిస్తే 16 ఓమ్స్ బాక్సేమో అని కొనేయకండి, బేస్‌లో 16 ఓమ్స్ 4×10 చాలా అరుదు. నాలుగు స్పీకర్లలో ఒకటి చచ్చిపోయినప్పుడు కూడా ఇదే నంబర్ వస్తుంది. రెండేసి స్పీకర్లు సిరీస్‌లో పెట్టి ఆ రెండు జతల్ని ప్యారలల్ చేసిన బాక్స్ అయితే ఒకటి తెగితే దాని జతలోది కూడా ఆగిపోతుంది, మిగిలిన రెండే మోగుతాయి, 8 ఓమ్స్ కాస్తా 16 అవుతుంది. ఇంకో పద్ధతిలో వైరింగ్ చేస్తే 12 అవుతుంది, అప్పుడు మీటర్ 9 దగ్గర ఎక్కడో చూపిస్తుంది, మూడు మోగుతుంటాయి కానీ చచ్చినదాని పక్కది తన పాలు కాక ఎక్కువ పవర్ మోస్తూ రెండోది తానే పోవడానికి రెడీగా ఉంటుంది. అందుకే కొనేముందు మెల్లగా ఒక నోట్ వాయిస్తూ ఒక్కో కోన్ మీద వేలు ఆనించి చూడండి, అన్నీ ఒకేలా వణకాలి. కరెంట్ తీసేశాక అరచేతి వేళ్లతో కోన్‌ని సమానంగా కొంచెం లోపలికి నొక్కండి, గీసుకుంటున్న సౌండ్ వస్తే కాయిల్ వంకర పోయింది, ఆ స్పీకర్ రీకాయిల్ (కాయిల్ మార్పు) చేయించాలి, ఆ ఖర్చు రేటులో తగ్గించమని అడగండి. ఎన్ని వాట్స్ అనేది మాత్రం స్టిక్కర్ లేకుండా ఏ మీటరూ చెప్పలేదు, గ్రిల్ తీయించి స్పీకర్ మాగ్నెట్ వెనక ఉన్న మోడల్ నంబర్ రాసుకుని, ఆ స్పీకర్ ఆర్ఎంఎస్ ఎంతో చూసి నాలుగుతో గుణించుకోండి.